ఎలుకచెవికి సాక్ష్యం

మల్లవరప్పాడు రైతు బజారులో ఆకుకూరలు అమ్మేవాళ్లకి ఆ సోమవారం పొద్దున్నే ఒక సంగతి తెలిసింది. ఇన్నాళ్లూ తాము అమ్ముతున్నవి ఆకుకూరలు కావట, పేర్లట.

ఈ సంగతి చెప్పింది గేటు పక్క గోడకి అంటించిన సర్క్యులరు. అంటించింది బజారు ఎస్టేట్ ఆఫీసరు పరంజ్యోతి. రాసింది ఎక్కడో పై ఆఫీసులో కొత్తగా వెలిసిన ఆకుకూరల నామ ప్రామాణీకరణ మండలి. ఆ మండలి పుట్టి మూడు నెలలైంది. మూడు నెలలు నిండిన పిల్లలు బోర్లా పడతారు. మండలి సర్క్యులరు వేసింది.

అందరికీ వినబడాలని పరంజ్యోతి ఒక బంగాళాదుంపల పెట్టె మీద నుంచుని చదివాడు.

"వినియోగదారుడు పేరును చూచి పదార్థమును కొనుచున్నాడు. కావున పేరు అసత్యమైనచో పదార్థము కూడా అసత్యమగును. ఇకపై ప్రతి ఆకుకూర పేరునకు గల అర్థమును, పుట్టుపూర్వోత్తరములను విక్రేతయే నిరూపించవలెను. పేరులో ఏ వస్తువు చెప్పబడినదో ఆ వస్తువు సదరు కూరలో ఉండవలెను. లేదా సదరు కూర ఆ వస్తువును పోలి ఉండవలెను. నిరూపించలేని విక్రేత కార్డు ఈ నెలాఖరున రెన్యూవలు కాబడదు."

"అంటే ఏటండి?" అంది చుక్కకూర అమ్మే మంగతాయారు.

"అంటే నీ చుక్కకూరలో చుక్కలు చూపించాలి," అన్నాడు పరంజ్యోతి పెట్టె దిగుతూ.

"నా వయసుకి పగలు చుక్కలు కనపడ్డం పెద్ద కష్టం కాదులెండి," అంది మంగతాయారు.

అందరూ నవ్వారు, ఇరవయ్యేడో నంబరు అరుగు మీద కూర్చున్న నూకరత్నం తప్ప. ఆమె నవ్వకపోవడానికి కారణం దిగులు కాదు. ఏ సంగతైనా కాస్త నానిన తరవాత గాని నవ్వాలో ఏడవాలో తేల్చుకోని మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఆ అరుగు మీద అలాగే కూర్చుని, అలాగే చూస్తూ, తడిగుడ్డ కింద కూరలు వాడిపోకుండా కాపాడుకుంటూ వస్తోంది.

ఆ అరుగు మామూలు అరుగు కాదు. గేటులోంచి లోపలికి రాగానే ఎడమచేతి వైపు మొదటిది. చెయ్యి చాపితే కుళాయి. పైన రేకుకి చిల్లు లేదు. పొద్దుటెండ పడదు, సాయంత్రం ఎండ రాదు. బజారు మొత్తంలో అలాంటిది ఇంకొకటి లేదు. ఈ సంగతి నూకరత్నానికి తెలుసు, పరంజ్యోతికి తెలుసు, పుట్టగొడుగులు అమ్ముకుంటానని దరఖాస్తు పెట్టుకున్న ఒక ఆసామికి మరీ బాగా తెలుసు. అతను వారానికోసారి వచ్చి, నూకరత్నాన్ని పలకరించి, మాట్లాడుతూ మాట్లాడుతూనే అరుగుని జానలతో కొలుచుకుని వెళుతుంటాడు. సర్క్యులరు అంటించిన రోజు టేపు తెచ్చుకున్నాడు.

నూకరత్నం అమ్మేవి గట్టు కూరలు. ఎవరూ విత్తనం వెయ్యకుండా, ఎవరూ ఎరువు చల్లకుండా వరి గట్ల మీద వాటంతటవే పుట్టేవి. ఆమె కార్డు మీద ఆరు కూరల పేర్లున్నాయి. అందులో మొదటిది ఎలుకచెవి కూర. తడి ఉన్న చోట నేలని కరుచుకుని పాకే సన్నటి తీగ. ఆకు చిన్నది, గుండ్రంది, కాడ దగ్గర ఒక నొక్కు. ఆకు చూసినవాళ్లు పేరు అడగరు. పేరు విన్నవాళ్లు ఆకు చూపించమనరు. ఒకదాన్ని చూస్తే రెండోది దానంతటదే తెలిసిపోతుంది. పప్పులో వేసుకుంటే బాగుంటుందని కొందరు, మోకాళ్లకి మంచిదని కొందరు దానికోసమే పొద్దున్నే వస్తారు.

మంగళవారం నుంచి మండలి వాళ్ల తనిఖీలు మొదలయ్యాయి. మంగతాయారు చుక్కకూరని భూతద్దం పెట్టి గంటసేపు చూశారు. ఒక్క చుక్కా దొరకలేదు. ఆమె విసుగొచ్చి కుళాయి దగ్గర దోసిలితో నీళ్లు తెచ్చి కట్టల మీద చిలకరించింది. 'చుక్కలు గలవు' అని రాసుకుని ముందుకెళ్లారు. పాలకూర బుట్ట పక్కన ఒక గ్లాసుతో పాలు పెట్టమన్నారు. పెట్టారు. మూడో రోజు నుంచి ఆ పాలు పిల్లి తాగుతోంది. నియమావళిలో పిల్లి ప్రస్తావన లేదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తోటకూర పెంచే ఆయన పొలంలో తోట లేదని తేలితే, గట్టు మీద ఒక కొబ్బరి మొక్క నాటించి ఫొటో తీసుకున్నారు. గోంగూర దగ్గరికి వచ్చేసరికి ఆ పేరుకి అర్థమేమిటో ఎవరికీ తెలియలేదు. అమ్మేవాళ్లకీ తెలియదు, కొనేవాళ్లకీ తెలియదు, అధికారులకీ తెలియదు. 'అర్థము తెలియరానందున అసత్యమునకు అవకాశము లేదు. ఆమోదించడమైనది' అని రాశారు. గోంగూరది అన్నిటికంటే తేలిగ్గా గట్టెక్కిన కేసు.

బజారు మొత్తంలో చిన్నపిల్లలక్కూడా అర్థమయ్యే పేరు ఎలుకచెవి కూర ఒక్కటే. అదే నూకరత్నం కొంప ముంచింది.

ఆమె అరుగు దగ్గరికి స్వయంగా నామార్థ విచారణాధికారి వచ్చాడు. పేరు జయభాస్కరం. యాభై దాటిన మనిషి. ఫైళ్లలో రాసే భాషనే ఎంతకాలంగానో మాట్లాడుతున్నందువల్ల ఇప్పుడు దాహమేసినా అదే భాషలో వేస్తుంది. రాగానే పరంజ్యోతితో, "ఇచ్చట త్రాగునీరు లభ్యమగునా?" అని అడిగి, తాగి, రుమాలుతో మూతి తుడుచుకుని నూకరత్నం వైపు తిరిగాడు.

"ఏవమ్మా, ఈ కూర నామధేయమేమి?"

"ఎలకచెవి కూరండి."

"ఇందు ఎలుక కలదా?"

"లేదండి. శుభ్రంగా కడిగి తెత్తానండి."

"చెవి కలదా?"

"ఎలకే లేనప్పుడు చెవెక్కడుంటాదండి?"

'విక్రేత రెండు లోపములనూ అంగీకరించినది' అని జయభాస్కరం రాసుకున్నాడు.

"లోపం కాదండి బాబూ," అంది నూకరత్నం నెమ్మదిగా. ఒక ఆకు తుంచి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇదిగో, ఇలా గుండ్రంగా, ఇక్కడ నొక్కుపడి, ఎలక చెవిలాగుంటాది. అందుకని ఎలకచెవి కూర. మా అమ్మా అలాగే అనీది. వాళ్లమ్మా అలాగే అనీదంట."

"ఏ ఎలుక?"

"ఎలకేనండి."

"అటుల కాదమ్మా. పోలిక చెప్పునపుడు దేనితో పోల్చుచున్నారో స్పష్టముగా ఉండవలెను. ఇంటి ఎలుకయా? పొలము ఎలుకయా? కుడి చెవియా, ఎడమ చెవియా? ఆ ఎలుక వయస్సెంత?"

చుట్టూ ఉన్నవాళ్లు మూతులకి చేతులడ్డం పెట్టుకున్నారు. నూకరత్నం మాత్రం ప్రశ్నని ప్రశ్నగానే తీసుకుంది. కాసేపు ఆలోచించింది.

"పొలం ఎలకేనండి. ఇది గట్టు మీద పాకుతాది. గట్టు లోపల ఎలక బొరియలుంటాయి. మా అమ్మ ఏమనీదంటే, ఈ ఆకు దట్టంగా ఉన్న కాడ కింద ఎలక ఉన్నట్టే, చెవులు పైకెట్టి మన మాటలు ఇంటా ఉంటాదీ, గట్టు మీద కూకుని ఎవరి ఊసులూ ఆడకూడదూ అనీది. కుడా ఎడమా అంటారా, రెండూనండి. ఆకులు రెండు పక్కలా వత్తాయి కదండి."

జయభాస్కరం కలం ఆగింది. ఒక్క క్షణం అతని మొహంలో ఎప్పుడో చిన్నప్పుడు గట్టు మీద నడిచిన కుర్రాడు కనబడి మాయమయ్యాడు. తరవాత దగ్గాడు.

"మీ మాతృమూర్తి వాంగ్మూలం అవసరమగును."

"పోయి పదకొండేళ్లయిందండి."

"అటులైనచో పుట్టుపూర్వోత్తరములు నిరూపణ కానట్లే. ఇక పోలిక ఒక్కటే శరణ్యము. ప్రభుత్వ రికార్డునందు నమోదైన ఎలుక చెవి నమూనాను సంపాదించి, దానితో ఆకును సరిపోల్చవలెను. వ్యవసాయ కార్యాలయమున ఎలుకల నిర్మూలన విభాగము గలదు. వారి ధ్రువపత్రము తెచ్చుకొనుడు. గడువు నెలాఖరు."

"పోనీ ఆ ఒక్క కూరా కార్డులోంచి కొట్టెయ్యండి బాబుగారూ. మిగతా అయిదూ అమ్ముకుంటాను."

"కొట్టివేయుటకు ముందు, ఏమి కొట్టివేయుచున్నామో నిర్ధారణ కావలెను గదా. నిర్ధారణ కాని దానిని కొట్టివేసినచో లేనిదానిని కొట్టివేసిన దోషము మాకంటును." అతను ఫైలు మూశాడు. "పేరు నిలిచినచో కార్డు నిలుచును. కార్డు నిలిచినచో అరుగు నిలుచును."

వెనకాల పుట్టగొడుగుల ఆసామి టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఎలుకల సంగతి తెలిసినవాడు నూకరత్నానికి ఇంట్లోనే ఉన్నాడు. ఆమె మరిది తాతారావు. వరి పొలాల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పడతాడు. సాయంత్రం బొరియల దగ్గర బుట్టలు పెట్టి, పొద్దున్నే తీసుకొస్తాడు. పట్టిన ఎలుకల తోకలు కోసి, దారానికి గుచ్చి, వ్యవసాయ కార్యాలయంలో అప్పగిస్తాడు. ఎన్ని ఎలుకలు పట్టాడో చెప్పడానికి అదే గుర్తు. ఇరవయ్యేళ్లుగా జరుగుతున్న పద్ధతి.

ఇద్దరూ కలిసి ఆ కార్యాలయానికి వెళ్లారు. ఎలుకల నిర్మూలన విభాగం మెట్ల కింద గదిలో ఉంది. సూపరింటెండెంటు తాతారావుని చూడగానే అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు.

"తోకలు తేలేదండి ఇవాళ," అన్నాడు తాతారావు. "మా వదినకి చెవి కావాలంటండి."

"ఏ చెవి?"

"ఎలక చెవండి," అంది నూకరత్నం.

సూపరింటెండెంటు వెటకారమేమో అని ఇద్దరి మొహాలూ చూశాడు. కాదని తేలాక రిజిస్టరు తెరిచాడు. తేదీ, గ్రామం, తోకలు, సంతకం. వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాడు.

"చెవి కాలమ్ లేదమ్మా."

"ఎలకలున్నాయి కదండి మరి?"

"ఎలుకలెక్కడివి? మా దగ్గరున్నవి తోకలు." బీరువా తలుపు తీశాడు. దారాలకి గుచ్చిన ఎండు తోకలు మల్లెచెండుల్లా వరసగా వేలాడుతున్నాయి. ఆయన కళ్లలో ఒక యజమాని సంతోషం కనిపించింది. "ఈ మండలంలో పోయిన సంవత్సరం పద్నాలుగు వేల రెండు వందల ఆరు. రాష్ట్రంలో ఇన్ని ఎవరికీ లేవు. కానీ తోకకి ముందు ఏముంటుందనేది మా విభాగం పరిధిలోకి రాదు."

"తోకకి ముందు ఎలక ఉంటాదండి," అన్నాడు తాతారావు. "నేను రోజూ సూత్తానండి."

"నువ్వు చూస్తావు. నువ్వు రికార్డు కాదు కదా."

తాతారావు కాసేపు ఆలోచించాడు. "పోనీ, బతికున్న ఎలకనొకదాన్ని తెచ్చి మీ బల్ల మీద పెడితేనండి?"

"తోకతోనా, తోక లేకుండానా?"

"తోకతోనేనండి. మొత్తంగా."

"తోక ఉన్న ఎలుక అంటే మాకింకా అందని ఎలుక. అందని ఎలుక రికార్డులో లేదు. రికార్డులో లేని ఎలుకకి చెవి ఉందని నేనెలా సంతకం పెట్టను?"

"మరి తోక కోసి తెత్తేనో?"

"అప్పుడు తోక నాకిచ్చి ఎలుకని బయట పారెయ్యాలి. నిబంధన అది. లోపలికి తేకూడదు."

నూకరత్నం అంతా విని, "మీరేం రాసియ్యగలరో అది రాసియ్యండి బాబూ," అంది. ఆయన మంచివాడు. రాసిచ్చాడు. 'ఈ కార్యాలయ రికార్డుల ప్రకారము ఎలుకకు చెవి కలదని గాని లేదని గాని తెలియరాలేదు. తోక కలదు.' కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర.

ఇద్దరూ కాలవ గట్టు మీదుగా తిరిగొచ్చారు.

"ఇరవయ్యేళ్లగా ఎలకలు పడతన్నాననుకున్నాను వదినా," అన్నాడు తాతారావు. "తోకలు పడతన్నానని ఇవాళ తెలిసింది."

"నాకు సోమవారమే తెలిసింది, కూరలు కాదు పేర్లు అమ్ముతున్నానని," అంది నూకరత్నం. అప్పటికి ఆమెకి ఆ సంగతి నానింది. గట్టు మీద ఆగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. తాతారావు బెదిరిపోయాడు. నవ్వు ఆగాక ఆమె కళ్లు తుడుచుకుంది. "నవ్వుతున్నాను గానీ తాతారావూ, ఆ అరుగు పోతే నేనెక్కడ కూకోవాలి? వెనకాల మేకల సంత పక్కన కూకోమంటారు. అక్కడ నా కూర మేకలు తింటాయి గానీ మనుషులు తినరు."

"ఏం చేద్దాం?"

"విచారణ రోజుకి ఒకదాన్ని ప్రాణంతో తెచ్చిపెట్టు. బుట్టలోంచి తియ్యొద్దు. కళ్లతో చూసి కాదనలేరు కదా."

మనుషులు కళ్లతో చూసినదాన్ని కాదనరని నూకరత్నం నమ్మకం. ఆమె ఆఫీసులకి ఎక్కువ వెళ్లలేదు.

నెలాఖరు రోజున, ఇరవయ్యేడో నంబరు అరుగు ముందు మూడు కుర్చీలు వేశారు. మధ్యలో జయభాస్కరం, ఒక పక్క సూపరింటెండెంటు, మరో పక్క పరంజ్యోతి. బజారంతా అమ్మకాలు ఆపి చుట్టూ మూగింది. పుట్టగొడుగుల ఆసామి తన తట్టలు రెండు ముందుగానే తెచ్చి కుళాయి పక్కన పెట్టుకున్నాడు.

తాతారావు వెదురు బుట్ట తెచ్చి అరుగు మీద, ఎలుకచెవి కూర తట్ట పక్కనే పెట్టాడు. లోపల బాగా బలిసిన పొలం ఎలుక ఉంది. పారిపోయే ప్రయత్నమేమీ చెయ్యలేదు. రెండు చెవులూ నిక్కబొడుచుకుని, బుట్ట సందుల్లోంచి సభని చూస్తూ కూర్చుంది. ఆ చెవులు గుండ్రంగా ఉన్నాయి. పల్చగా, ఎండ ఇవతలికి కనబడేటట్టున్నాయి. మొదలు దగ్గర చిన్న నొక్కుంది.

రోజూ ఆ కూర కొనే కామేశ్వరి మామ్మ ఒక ఆకు తీసి ఎలుక చెవి పక్కన పెట్టి చూసింది.

"అచ్చం దింపినట్టుంది కదర్రా," అంది.

అందరూ అవునన్నారు. పుట్టగొడుగుల ఆసామి కూడా అప్రయత్నంగా అవునన్నాడు, తరవాత నాలిక్కరుచుకున్నాడు.

"నిశ్శబ్దము," అన్నాడు జయభాస్కరం. "రికార్డునందు లేని జంతువు వైపు సభ్యులెవరూ చూడరాదు."

ముగ్గురూ మొహాలు అటు తిప్పుకున్నారు. విచారణ సాగినంతసేపూ సూపరింటెండెంటు గేటు వైపు, జయభాస్కరం ఫైలు వైపు, పరంజ్యోతి ఆకాశం వైపు చూస్తూ మాట్లాడారు. పరంజ్యోతి రెండుసార్లు కంటి చివర నుంచి బుట్ట వైపు చూస్తూ దొరికిపోయాడు. రెండోసారి అతన్ని హెచ్చరించినట్టు మినిట్సులో రాసుకున్నారు.

"ఎలుకకు చెవి కలదనుటకు ఆధారమేమైనా దాఖలు చేయబడినదా?" అని అడిగాడు జయభాస్కరం.

"లేదు," అన్నాడు సూపరింటెండెంటు గేటుతో.

బుట్టలో ఎలుక ఆ మాట విని కుడి చెవి గోక్కుంది.

"బాబుగారూ," అంది నూకరత్నం, "ఒక్కసారి ఇటు సూడండి. నేను సెప్పేది నమ్మొద్దు. మా అమ్మ సెప్పింది నమ్మొద్దు. దాన్ని సూడండి."

జయభాస్కరం చూడలేదు. కానీ అతని గొంతు కొంచెం తగ్గింది. "చూడగూడదనియే నియమము పెట్టితిమమ్మా. చూచిన పిదప ఎటుల కాదనగలము?"

తరవాత తీర్పు చెప్పి రాయించాడు. పరంజ్యోతి రాశాడు. "ఎలుకకు చెవి కలదని రుజువు కానందున, సదరు నామమునందలి 'చెవి' అను భాగము అసత్యము. ఎలుక అనునది ఉన్నదని, దానికి తోక గలదని రుజువైనందున, 'ఎలుక' అను భాగము సత్యము. సగము సత్యమైన నామమును పూర్తిగా రద్దుచేయుట అన్యాయము."

సూపరింటెండెంటుకి ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తన రికార్డు ఒకరికి పనికొచ్చే అవకాశం కనిపించింది. "ఆకు సంగతి నేను చెప్పలేను గానీ, తీగ చూడండి," అన్నాడు ఉత్సాహంగా. "సన్నగా, పొడుగ్గా, చివరికి పోనుపోను పల్చబడుతూ. మా దగ్గర పద్నాలుగు వేల నమూనాలున్నాయి." కవరులోంచి ఒక ఎండు తోక తీసి, నూకరత్నం తట్టలోంచి ఆకులు దూసిన ఒక తీగ పక్కన పెట్టి, స్కేలుతో కొలిచాడు. సరిగ్గా సరిపోయింది.

ఆ విధంగా ఎలుకచెవి కూర ఎలుకతోక కూర అయింది. కార్డు మీద ఆ పేరు కొట్టి, ఈ పేరు రాసి, ముద్ర వేశారు.

"ఆ పేరెడితే ఎవరు తింటారండి?" అంది నూకరత్నం.

"తినుట మండలి పరిధిలోనిది కాదు," అన్నాడు జయభాస్కరం. "ఇంకొక షరతు. పేరు తోకను గూర్చి చెప్పుచున్నది గావున, తోకను పోలిన తీగను మాత్రమే విక్రయించవలెను. ఆకులు విక్రయించినచో పేరు తిరిగి అసత్యమగును. కార్డు రద్దగును. రద్దయిన అరుగు ఎవరికి పోవునో మీకు తెలియును గదా."

నూకరత్నం కార్డు వైపు చూసింది. కుళాయి పక్కనున్న పుట్టగొడుగుల తట్టల వైపు చూసింది. సంతకం పెట్టింది.

కుర్చీలు తీసేశాక తాతారావు బుట్ట భుజానికెత్తుకున్నాడు.

"దీన్నేం చేత్తావు?" అని అడిగింది.

"మామూలుగా అయితే తోక కొయ్యాలి. కోత్తే రికార్డులోకెక్కుద్ది. ఇంతసేపు మనకి సాక్ష్యం చెప్పింది వదినా, చెయ్యి రావట్లేదు. మన చేలో కాదు, కాలవ అవతల ఇడిసేత్తాను." కాలవ అవతలి చేలు వదినా మరుదులకి పడని ఒకాయనవి.

మర్నాడు నెల మొదటి తేదీ. నూకరత్నం పొద్దున్నే వచ్చి, అరుగు తుడుచుకుని, ఆకులు దూసేసిన తీగలు నాలుగేసి చొప్పున కట్టలు కట్టి ముందు పెట్టింది. పరంజ్యోతి స్వయంగా వచ్చి 'ఎలుకతోక కూర' అని రాసిన అట్ట ఒకటి గుచ్చి వెళ్లాడు. దూసిన ఆకులు పారబోయడానికి మనసొప్పక, తట్టలో పోసి తడిగుడ్డ కప్పి అరుగు కింద పెట్టుకుంది.

ఎనిమిదింటి దాకా ఒక్కరూ ఆ కట్టల వంక చూడలేదు. చూసినవాళ్లు అట్ట చదివి పక్కకి తప్పుకున్నారు. ఆకు కోసం వచ్చేవాళ్లు ఆకు లేక, మిగతా కూరలు కూడా కొనకుండా వెళ్లారు. పుట్టగొడుగుల ఆసామి దూరంగా నుంచుని ఓపిగ్గా చూస్తున్నాడు. అమ్మకం లేని అరుగు మూడు నెలల్లో చేతులు మారుతుందని బజారు నిబంధనల్లోనే ఇంకో చోట ఉంది. అతను చదువుకున్నవాడు.

కామేశ్వరి మామ్మ వచ్చింది. కట్టలు చూసింది. అట్ట చూసింది.

"ఆకేదే?"

"ఆకు అమ్మకూడదంట మామ్మగారూ. ఇవే అమ్మాలంట."

"ఈ పుల్లలా? వీటితో నేనేం చేసుకోను, పళ్లు కుట్టుకోనా?"

"పళ్లున్నాయేటి మీకు," అంది అవతలి అరుగు మీద నుంచి మంగతాయారు.

"నోర్ముయ్యవే చుక్కలదానా." మామ్మ నూకరత్నం మొహంలోకి చూసింది. ఎన్నేళ్ల నుంచో తెలిసిన మనిషి. ఉత్తి చేతులతో వెళ్లిపోవడం బాగుండదనిపించినట్టుంది. "సర్లే, ఒక కట్టియ్యి. బోణీ చేసిపోతాను." కట్ట తీసుకుని సంచిలో వేసుకుంది. వేసుకున్నాక సంచి మూయలేదు. రెండు చేతులతో దాన్ని అలాగే తెరిచి పట్టుకుని నుంచుంది.

"ఏటండి?" అంది నూకరత్నం.

"ఏటేటి, కొసరు వెయ్యవే."

ఆ బజారులో కొసరు లేకుండా ఎవరూ కదలరు. కట్ట కొన్నవాళ్లకి నాలుగు రెబ్బలు, వీశెడు వంకాయలు కొన్నవాళ్లకి రెండు వంకాయలు, ఏమీ లేకపోతే ఒక కరివేపాకు రెమ్మ. అడగడం కొన్నవాళ్ల హక్కు, గొణుక్కుంటూ వెయ్యడం అమ్మినవాళ్ల మర్యాద. నూకరత్నం చెయ్యి దానంతటదే అరుగు కిందికి వెళ్లి, తడిగుడ్డ మీద ఆగింది.

ఆమె కార్డు మీద ఆరు పేర్లున్నాయి. ఆ ఆరింటిలో కొసరు లేదు. కొసరుని ఎవరూ అమ్మరు. అమ్మనిదానికి పేరు అక్కర్లేదు. పేరు లేనిదానికి అర్థం అక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు, ఎలుక అక్కర్లేదు. నూకరత్నం గుడ్డ తొలగించింది. రెండు చేతులా ఆకు తీసి మామ్మ సంచిలో పోసింది.

మామ్మ సంచిలోకి చూసింది. నూకరత్నాన్ని చూసింది. నాలుగు పుల్లల కట్ట బయటికి తీసి అరుగు మీద పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో. నాకు బరువు."

మధ్యాహ్నానికి సంగతి బజారు దాటి నాలుగు వీధులకి పాకింది. జనం వచ్చి, అట్ట మీది పేరు గట్టిగా చదివి, ఒక కట్ట కొని, సంచి తెరిచి పట్టుకుని, కొసరు పోయించుకుని, కట్ట అక్కడే పెట్టి వెళ్లసాగారు. ఆ వారమంతా నూకరత్నం అమ్మింది ఒక్కటే కట్ట. మరీ ఎండిపోయినప్పుడు మాత్రం మార్చింది. పరంజ్యోతి తన రిజిస్టరులో ఎలుకతోక కూర అమ్మకాలు నమోదు చేస్తూ మొదట కళ్లు నులుముకున్నాడు, తరవాత మానేశాడు. నెల తిరిగేసరికి అది బజారులో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆకుకూర. మండలి నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. సత్యమైన పేరు పెట్టినచో ప్రజలు పుల్లలనైనను ఆదరింతురనుటకు ఇదియే తార్కాణమని అందులో రాశారు. పుట్టగొడుగుల ఆసామి వేరే ఊళ్లో దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఆ తరవాత ఒక గురువారం సాయంత్రం, బజారు పల్చబడే వేళకి జయభాస్కరం వచ్చాడు. చేతిలో ఫైలు లేదు, గుడ్డసంచి ఉంది. అరుగు ముందు నుంచుని అటూ ఇటూ చూశాడు.

"ఒక కట్ట ఇవ్వమ్మా."

"ఏదండి?"

"అదే." అట్ట వైపు చూపించాడు. "అది."

నూకరత్నం కట్ట ఇచ్చింది. అతను సంచిలో వేసుకున్నాడు. వెళ్లలేదు. సంచి మూయనూ లేదు.

"మా ఆవిడకి మోకాళ్లు," అన్నాడు. "చాలా ఏళ్లుగా ఇదే వండుతోంది. ఈ నెలంతా అడుగుతూనే ఉంది. నేనే..." ఆగాడు. అతని నోట ఫైలు భాష లేకుండా రెండు మాటలు వరసగా రావడం నూకరత్నం మొదటిసారి వింది. "కొసరు వెయ్యవా?"

"ఎయ్యకేవండి." గుడ్డ తొలగించి దోసిలి నిండా పోసింది. అతను ఒక ఆకు చేతిలోకి తీసుకుని, వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూశాడు. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి బాగా చూశాడు.

"అవునమ్మా," అన్నాడు మెల్లిగా. "అలాగే ఉంది."

అతను ఆకుని జాగ్రత్తగా సంచిలో వేసుకున్నాడు.

"ఇంకాస్త వెయ్యి."

ఇంకాస్త వేసింది. వేస్తూ అడిగింది. "బాబుగారూ, నాకు తెలవక అడుగుతాను. కొసరంటే అర్థం ఏటండి?"

జయభాస్కరం బెదిరినట్టు గేటు వైపు చూశాడు. పరంజ్యోతి గదిలో దీపం వెలుగుతోంది.

"ఆ మాట మళ్లీ ఎక్కడా అడక్కమ్మా," అన్నాడు. "నన్నూ అడక్కు."

సంచిలో చెయ్యి పెట్టి, ఆకుల కింద నుంచి కట్ట బయటికి లాగి, అరుగు అంచున పెట్టి, గబగబా వెళ్లిపోయాడు. నూకరత్నం దోసిలితో కుళాయి నీళ్లు పట్టి ఆ కట్ట మీద చిలకరించి, అట్ట ముందు సర్దిపెట్టింది.